ఎన్నికల సెమిస్టర్‌లో కాకతీయులు: ఒక డిగ్రీ కాలేజీ కేస్ స్టడీ

పాత నల్లగొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో 2023 బేసి సెమిస్టర్‌లో తెలంగాణ చరిత్ర పేపర్ ఎలా నడిచిందన్నది ఈ కేసు. బేసి సెమిస్టరంటే ఒకటి, మూడు, ఐదు. మూడు బ్యాచ్‌లకీ ఒకేసారి క్లాసులుంటాయి. మొదటి ఏడాది వాళ్ళకి ప్రాచీన భారతదేశం, రెండో ఏడాది వాళ్ళకి మొఘలుల నుంచి 1857 దాకా, మూడో ఏడాది వాళ్ళకి తెలంగాణ చరిత్ర. డిపార్ట్‌మెంట్ అంటే నేనూ, ఒక గెస్ట్ లెక్చరరూ. గెస్ట్ నియామకం అయ్యేసరికి సెమిస్టర్‌లో కొంత భాగం ఎప్పుడూ గడిచిపోతుంది, ఆలోగా మూడు పేపర్లూ నావే.

యూజీసీ లెక్క ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన. ఆ 16 గంటలూ టైంటేబుల్‌లో కనిపిస్తాయి. దోస్త్ అడ్మిషన్ల హెల్ప్ డెస్క్, స్కాలర్‌షిప్ వెరిఫికేషన్, కాలేజీకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ ఫైళ్ళు, ఎన్ఎస్ఎస్, ఇంటర్నల్ మార్కుల అప్‌లోడ్ మాత్రం టైంటేబుల్‌లో ఉండవు, రోజులో ఉంటాయి. ఆ ఏడాది వీటికి తోడు అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. అక్టోబరు 9న షెడ్యూలు వచ్చింది, నవంబరు 30న పోలింగ్. ఆ మధ్యలోనే బతుకమ్మ, దసరా, దీపావళి. పోలింగ్ ఆఫీసర్ల ట్రైనింగులు, డిస్ట్రిబ్యూషన్ సెంటర్, పోలింగ్ రోజు రాత్రి సామాను అప్పజెప్పి ఇల్లు చేరడం, ఇదంతా ప్రభుత్వ లెక్చరర్లకి కొత్తేమీ కాదు. కానీ అది సెమిస్టర్ నడుమ పడితే పాఠం ఎక్కడ తెగుతుందో ముందే చూసుకోవాలి.

షెడ్యూలు వచ్చిన వారంలో క్యాలెండర్ ముందేసుకుని కూర్చున్నాను. మూడో ఏడాది పేపర్‌లో మిగిలిన క్లాసులు మిగిలిన సిలబస్‌లో సగానికి కూడా చాలవని తేలింది. శాతవాహనుల నుంచి 1948 దాకా, ఆపైన రాష్ట్ర ఉద్యమం. రెండు వేల ఏళ్ళు.

తగ్గించడమా, తీసేయడమా

ఇలాంటప్పుడు మనలో ఎక్కువమంది వేగం పెంచుతాం. మూడు క్లాసుల పాఠం ఒక్క క్లాసులో చెబుతాం, లేదా నోట్స్ డిక్టేట్ చేస్తాం, ఇంకా కాకపోతే వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ పెట్టేస్తాం. సిలబస్ అయిపోయినట్టు డైరీలో రాసుకోవచ్చు. దాని ఫలితం జవాబు పత్రాల్లో కనిపిస్తుంది. "రుద్రమదేవి ధైర్యసాహసాలు గల వీరనారి. ప్రజలను కన్నబిడ్డల్లా పాలించింది. చెరువులు తవ్వించింది." ఈ మూడు వాక్యాల్లో పేరు తీసేసి చాంద్ బీబీ అని పెట్టినా ఎవరికీ అనుమానం రాదు. నోట్స్ పలచబడేకొద్దీ మిగిలేవి విశేషణాలే.

అందుకని అన్నీ కొంచెం కొంచెం తగ్గించడం మానేసి, కొన్ని అంశాలు క్లాసులోంచి పూర్తిగా తీసేశాను. మా పేపర్‌లో ప్రతి యూనిట్‌కీ వ్యాసప్రశ్న "ఇది లేదా అది" అన్న పద్ధతిలో ఉంటుంది. అంటే యూనిట్‌లో సగం గట్టిగా వచ్చిన విద్యార్థి ఆ యూనిట్‌లో మునిగిపోడు. పాత ప్రశ్నపత్రాలు తిరగేసి, ఒక్కో యూనిట్‌లో ఏ సగం పిల్లలు సొంతంగా చదువుకోగలరో, ఏ సగానికి టీచర్ కావాలో విడదీశాను.

కాకతీయుల యూనిట్‌లో శిల్పం, సాహిత్యం చదువుకునే వైపు పెట్టాను. రామప్ప గుడిని దాదాపు అందరూ చూశారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి దాని మీద తెలుగులో వీడియోలకి, వ్యాసాలకి కొరత లేదు. 1213 నాటి రేచర్ల రుద్రుడి శాసనం గురించి వాళ్ళే నాకు చెప్పగలరు. బేతరాజులు, ప్రోలరాజుల వంశక్రమం ఒక పేజీ చార్టు చేసి ఇచ్చాను. క్లాసుకి మిగిల్చుకున్నది గణపతిదేవుడు, రుద్రమ, ఆ కాలపు వర్తకం. అది కూడా పుస్తకంలోంచి కాదు, శాసనాలతో.

ఎందుకంటే చరిత్ర పేపర్‌లో పిల్లలు సొంతంగా చేయలేని పని ఒక్కటే: ఒక ఆధారాన్ని చేతిలో పట్టుకుని, ఇది ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు అని విడదీయడం. మిగతాదంతా గైడులో ఉంటుంది. ఉన్న కాస్త సమయం ఆ పని మీద పెట్టాలన్నది నా లెక్క. ఒక చోట అది పట్టుబడితే మిగతా యూనిట్లలో నేను లేకపోయినా పనికొస్తుందని ఆశ.

చందుపట్ల రాయి

ఎంచుకున్నది చందుపట్ల శాసనం. నకిరేకల్ మండలంలోని ఊరు. శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సరం, మార్గశిర శుద్ధ ద్వాదశి. క్రీస్తుశకంలో 1289 నవంబరు 27. కాకతీయ రుద్రమదేవి, మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్ళారని, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు సోమనాథ దేవుడికి భూమి ఇచ్చాడని దాని సారాంశం. చిన్న శాసనం, తెలుగులోనే ఉంది. ప్రశస్తి శ్లోకాల అడవిలో దారి తప్పే ప్రమాదం లేదు.

రాయి ఫొటో జిరాక్స్ తీయిస్తే నల్లటి మచ్చ వచ్చింది. కాబట్టి ఫొటో ఫోన్లలోకి పంపి, సారాంశాన్ని ఇప్పటి తెలుగులో ఒక పేరాగా టైప్ చేసి కాగితం మీద ఇచ్చాను. పాఠ్యపుస్తకాలు సంచుల్లో పెట్టించాను. బోర్డు మీద మూడు ప్రశ్నలు: ఎవరు రాయించారు? ఎవరి కోసం? ఏం జరిగిందని చెబుతోంది?

ఊరి పేరు వినగానే వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది.

"చందుపట్ల మా మేనత్త వాళ్ళ ఊరు మేడం. మస్తుసార్లు పోయిన. అక్కడ రాయేమీ లేదు."

"ఏ చందుపట్లమ్మా?"

"భువనగిరి దగ్గర."

"ఇది నకిరేకల్ దగ్గరిది."

క్లాసంతా నవ్వులు. మన దగ్గర ఒకే పేరుతో ఊళ్ళు ఎన్ని ఉంటాయో తెలిసిందే. శాసనాల మీద పనిచేసేవాళ్ళకి ఇది నవ్వులాట కాదు కూడా, ఊరి పేరు ఒకటే అయినంత మాత్రాన చోటు ఖాయం కాదు. ఆ మాట అనుకోకుండా అక్కడే చెప్పేయగలిగాను.

సంవత్సరం లెక్క వాళ్ళతోనే వేయించాను. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం. పుష్యం మధ్య నుంచి ఏడాది చివరిదాకా పడే తేదీలకి 79. మార్గశిరం కాబట్టి 78 చాలు. 1211కి 78 కలిపితే 1289. వెంటనే ముందు బెంచీలో ఒకబ్బాయి గైడు తీశాడు. అందులో రుద్రమ పాలన 1295 దాకా ఉంది. పక్కమ్మాయి ఫోన్‌లో 1296 ఉంది. శాసనం వెలుగులోకి రాకముందు రాసిన పుస్తకాల్లో ఆ తేదీలే ఉండేవి, వాటిని చూసి రాసిన గైడుల్లో ఇంకా అవే నడుస్తున్నాయి. ఇక్కడే మొదటి క్లాసు ఆపేశాను. ఏది సరైందో చెప్పకుండానే.

రెండో క్లాసులో రెండో ఆధారం. శ్రీశైలానికి తూర్పు ద్వారంగా చెప్పుకునే త్రిపురాంతకంలో కాయస్థ అంబదేవుడి శాసనం, 1290 నాటిది. కాకతీయులకి సామంతుడిగా ఉండి తిరగబడ్డవాడు అంబదేవుడు. తన విజయాలు వరసగా చెప్పుకుంటూ మల్లికార్జునపతి సప్తాంగాలనూ, అంటే రాజ్యాధికారపు ఏడు అంగాలనూ, హరించానంటాడు. ఈ రెండు రాళ్ళనూ పక్కపక్కన పెట్టి చరిత్రకారులు ఒక నిర్ణయానికి వచ్చారు: అంబదేవుడితో జరిగిన యుద్ధంలో సేనాని మల్లికార్జునుడితో పాటు రుద్రమ కూడా చనిపోయి ఉండాలి.

ఇప్పుడు కాగితాన్ని నిలువుగా మడిచి రెండు వరసలు చేయించాను. ఎడమ వైపు "రాయి చెప్పింది", కుడి వైపు "మనం అనుకున్నది". ఈ సెమిస్టర్ మొత్తంలో పనికొచ్చిన ఉపాయం ఏదైనా ఉందంటే ఈ మడతే. మొదట అందరూ "రుద్రమ యుద్ధంలో చనిపోయింది" అన్నది ఎడమ వైపు రాశారు. చందుపట్ల రాయి మళ్ళీ చదవమన్నాను. యుద్ధం మాట లేదు. అంబదేవుడి పేరు లేదు. త్రిపురాంతకం రాయిలో రుద్రమ పేరు లేదు. ఒక్కొక్కరూ కొట్టేసి కుడి వైపు రాసుకోవడం మొదలుపెట్టారు.

"అంత పెద్ద రాణి యుద్ధంల చనిపోతే రాయరా మేడం?" అని ఒకమ్మాయి.

"రాయించింది బంటు. ఆయనకి పుణ్యం సంగతి కావాలె గానీ యుద్ధం సంగతి ఎందుకు?" అని ఇంకొకరు.

సాయంత్రాలు పెట్రోల్ బంకులో పనిచేసే ఒకబ్బాయి ఉన్నాడు, క్లాసులో నోరు విప్పడు. ఆ రోజు అడిగాడు: "అంబదేవుడు నిజంగానే రాణిని ఓడించి చంపిండనుకుందాం. మరి మల్లికార్జునుడి పేరే ఎందుకు చెప్పుకున్నడు? రాణిని గెలిచిన అంటెనే పెద్ద పేరు కదా?"

ఇది ఎం.ఏ. సెమినార్‌లో రావాల్సిన ప్రశ్న. రెండు మూడు దారులు చూపించాను. తన ఏలికనే చంపానని సామంతుడు రాతి మీద చెక్కించుకుంటే అది గొప్ప అవుతుందా, ద్రోహం అవుతుందా? స్త్రీని చంపానని చెప్పుకోవడం ఆ కాలపు వీరధర్మంలో ఎలా ఉండేది? లేక రాణి వేరే కారణంతో పోయి, మనమే రెండూ కలిపేస్తున్నామా? మూడూ కుడి వైపే రాయించాను. చాలామంది చరిత్రకారులు ఒప్పుకునేది యుద్ధం వాదనే అని చెప్పాను, అది ఊహే అని కూడా చెప్పాను. ఊహ అంటే గాలిమాట కాదు, ఆధారాల మధ్య ఖాళీని బాధ్యతగా పూరించడం అని చెప్పడానికి మాత్రం కాస్త టైం పట్టింది.

మూడో క్లాసు మార్కో పోలో. ఆయన ముత్‌ఫిలి అని రాసింది కాకతీయుల రేవు మోటుపల్లి ఉన్న రాజ్యం గురించే అంటారు. రాజు చనిపోయి నలభై ఏళ్ళైందని, భర్త మీద ప్రేమతో మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా రాణి ఏలుతోందని, బాగా ఏలుతోందని, ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని రాశాడు. పిల్లలు తప్పులు పట్టడంలో పోటీ పడ్డారు. ఆ రాజు గణపతిదేవుడు, ఆ రాణి రుద్రమ అనుకుంటే, ఆమె అతని కూతురు, భార్య కాదు. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. గణపతిదేవుడి పాలన ముగిసిన 1262 నుంచి లెక్కేసినా 1289కి 27 ఏళ్ళే, నలభై కాదు. అయితే ఈ సాక్షిని కొట్టేద్దామా అన్నాను. వద్దన్నారు. బట్ట సంగతి, రాణి ఏలుతోందన్న సంగతి ఉంచుకుని, చుట్టరికం సంగతి వదిలేయాలని వాళ్ళే తేల్చారు. ఒక సాక్షి ఒక విషయంలో పొరబడితే అన్నిటిలోనూ పొరబడ్డట్టు కాదని దీనికంటే సులువుగా నేను చెప్పలేను.

కీలో ఏది ఇస్తారు మేడం?

మూడో ఏడాదిలో సగం మంది గ్రూప్స్ మీద, కానిస్టేబుల్ మీద కళ్ళు పెట్టుకుని ఉంటారు. ఆ ఏడాది గ్రూప్-2 ఆగస్టు నుంచి నవంబరుకి, నవంబరు నుంచి జనవరికి వాయిదా పడుతూ పోయింది, పిల్లల టెన్షన్ కూడా దాంతో పాటే. వాళ్ళకి తెలంగాణ చరిత్ర అంటే బిట్లు. 1289, 1295 చర్చ మధ్యలోనే ప్రశ్న వచ్చింది: "మేడం, ఇవన్నీ సరే. కీలో ఏది ఇస్తారు?"

దీన్ని చిన్నచూపు చూసే లెక్చరర్లున్నారు. నేను చూడను. ఇల్లు గడవడానికి ఉద్యోగం కావాల్సిన పిల్లలకి కీ అనేది నిజమైన సమస్యే. సూటిగానే చెప్పాను. ప్రశ్నలో చందుపట్ల పేరుంటే 1289 పెట్టండి. ఆప్షన్లలో 1289 ఉంటే అదే పెట్టండి. అది లేకుండా 1295 ఉంటే పరీక్ష పెట్టినవాడు పాత పుస్తకం చూశాడని అర్థం, అదే పెట్టండి, బయటకి వచ్చాక అభ్యంతరం రాయండి, ఆధారంగా శాసనం చూపించండి. ప్రిలిమినరీ కీ మీద అభ్యంతరాలు తీసుకుంటారు కదా, అందులో మూలాధారం చూపించడం కూడా చరిత్ర నేర్చుకోవడమే. నా ఇంటర్నల్‌లో మాత్రం సంవత్సరం ఒక్కటే రాస్తే సగం మార్కు, ఎక్కడి నుంచి తెలిసిందో రాస్తే మిగతా సగం.

ఈ బేరం వాళ్ళకి నచ్చింది. శాసనం పాఠం పోటీ పరీక్షకి అడ్డు కాదని ఒకసారి తేలాక హాజరు కూడా నిలకడగా ఉంది.

దిద్దడం

ఎన్నికల ట్రైనింగుల వారంలోనే ఇంటర్నల్ పడింది. మూడు బ్యాచ్‌ల పేపర్లు. వ్యాసాలు పెడితే దిద్దడానికి రాత్రులు చాలవు, దిద్దినా వ్యాఖ్య రాసే ఓపిక ఉండదు. మూడో ఏడాదికి వ్యాసం తీసేసి, చూడని పేరా ఒకటి ఇచ్చి అదే మడత కాగితం పెట్టాను. పేరా మోటుపల్లి అభయశాసనం సారాంశం: 1244-45లో గణపతిదేవుడు సముద్ర వర్తకులకి ఇచ్చిన హామీ. గాలివానకి దారి తప్పి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పూర్వపు రాజులు లాగేసుకునేవారని, తాము మాత్రం నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోమని. ఆ సుంకం ముప్పైలో ఒకటో వంతు.

కాగితం ఒక పేజీ. దిద్దేటప్పుడు వాక్యాలు రాయకుండా రెండే గుర్తులు: "ఆ" అంటే ఆధారం ఎక్కడ, "ఊ" అంటే ఇది ఊహ, వైపు మార్చు. ముందే బోర్డు మీద చెప్పి ఉంచాను. వ్యాసంతో పోలిస్తే ఒక్కో పేపర్‌కి పట్టే టైం చాలా తగ్గింది, పైగా పిల్లలు గుర్తులు చూసి దిద్దుకున్నారు. కారిడార్‌లో "నాకు మూడు ఊలు పడ్డయ్ రా" అనుకోవడం విన్నాను. లాంగ్ కామెంట్లు రాసిన రోజుల్లో వాటిని ఎవరైనా చదివారన్న దాఖలా నాకెప్పుడూ దొరకలేదు.

జవాబుల్లో ఒక్కటి చెబుతాను. "గణపతిదేవుడు దయగల రాజు" అని ఎక్కువమంది ఎడమ వైపు రాశారు, శాసనం అలాగే చెబుతుంది కాబట్టి. ఒకమ్మాయి మాత్రం ఎడమ వైపు "తాను దయగలవాడినని రాజు చెప్పుకున్నాడు" అని రాసి, కుడి వైపు "ఓడలు రాకపోతే సుంకం రాదు, అందుకే కావచ్చు" అని రాసింది. ఈ ఒక్క వాక్యం కోసం క్లాసులు తీసేయడం నా దృష్టిలో గిట్టుబాటే.

పోలింగ్ వారం, ఖాస్రా పహాణీ

నవంబరు చివరి వారం నేను లేను. అప్పటికి గెస్ట్ లెక్చరర్ వచ్చారు కానీ ఆయనకి మొదటి ఏడాది, రెండో ఏడాది క్లాసులే సరిపోయాయి. మూడో ఏడాదికి ఇంటి పని ఇచ్చాను: మీ ఇంట్లో, మీ ఊర్లో పాత రాత ఏదైనా ఒకటి పట్టుకురండి. రాయి, కాగితం, గుడి గోడ, ఏదైనా సరే. మడత కాగితం మీద రాసుకురండి.

వీరగల్లుల (పోరులో పోయిన వీరుల స్మారక శిలల) ఫొటోలు వస్తాయనుకున్నాను, వచ్చాయి. ఊరి బొడ్రాయి ఒకటి, బడి గోడ మీద శిలాఫలకం ఒకటి. చరిత్రకి అసలు సంపద మాత్రం ఇంటి ట్రంకు పెట్టెల్లోంచి వచ్చింది. ఒకమ్మాయి 1954-55 ఖాస్రా పహాణీ నకలు తెచ్చింది, భూమి ఎవరి పేరున ఉందో, ఎవరు సాగు చేస్తున్నారో రాసిన రికార్డు అది. సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, పట్టాదారు కాలమ్, కాస్తు (సాగు) కాలమ్. పట్టాదారు కాలమ్‌లో ఊరి దొర పేరు. కాస్తు కాలమ్‌లో ఆమె ముత్తాత పేరు.

ఆసఫ్‌జాహీల భూమి వ్యవస్థ, సాయుధ పోరాటం, ఆ తర్వాతి సంస్కరణలు చెప్పాల్సిన యూనిట్ అది. ఆ ఒక్క కాగితం మీద యూనిట్ అంతా నడిచింది. 1949 ఆగస్టు నాటి జాగీర్ల రద్దు రెగ్యులేషన్ పేరులో 1358 ఫసలీ అని ఎందుకుంటుంది? ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం, 1948-49. శక లెక్క నేర్చినవాళ్ళకి ఇది రెండు నిమిషాల పని. జాగీర్లు పోయాక కూడా పట్టాదారు కాలమ్‌లో దొర పేరు ఎందుకుంది? జాగీరు (శిస్తు వసూలు హక్కు) వేరు, పట్టా (భూమి హక్కు) వేరు. 1950 కౌలు చట్టం రక్షిత కౌలుదారు అన్నది ఎవరిని? ఆ కౌలుదారుకి భూమి మీద యాజమాన్యం ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్ సంగతేంటి? ఈ చివరి ప్రశ్నకి జవాబు క్లాసులో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ ఇళ్ళల్లో దాని మీద ఇంకా కోర్టు కేసులు నడుస్తున్నాయి.

ఎడమ వైపు: 1954-55లో ఫలానా సర్వే నంబరులో ముత్తాత సాగు చేస్తున్నాడు. కుడి వైపు: భూమి ఆయనదే. ఆ అమ్మాయి రెండో వాక్యాన్ని ఎడమ వైపు రాయాలని ఎంత అనుకుందో నాకు తెలుసు. రాయలేదు.

ఇక్కడ ఒక చిక్కు. సాగుదారు కాలమ్ అనగానే మాట ధరణి మీదకి పోయింది. 2020లో ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక అప్పట్లో రికార్డులో అనుభవదారు (సాగుదారు) కాలమ్ ఉండేది కాదు, ఆ ఎన్నికల్లో అది పెద్ద చర్చ. ఒకబ్బాయి "అదే కాలమ్ ఇప్పుడు తీసేసిన్రు మేడం, మా నాయిన అంటుండె" అని మొదలుపెట్టాడు. డిసెంబరు 3న కౌంటింగ్ అయ్యేదాకా కోడ్ నడుస్తోంది, నేను పోలింగ్ డ్యూటీ మీద ఉన్న ఉద్యోగిని. "1954 దగ్గరే ఆగుదాం, మిగతాది కౌంటింగ్ అయ్యాక" అన్నాను. అన్నట్టే తర్వాత ఒక క్లాసు దానికే ఇచ్చాను. చరిత్ర క్లాసు వర్తమానంలోకి జారడం మంచిదే, ఎప్పుడు జారనివ్వాలన్నది ప్రభుత్వ కాలేజీ లెక్చరర్‌కి వేరే లెక్క.

ఏం పోయింది

కాలక్రమం దెబ్బతింది. ఇది చిన్న విషయం కాదు. చందుపట్ల రాయిని అరటిపండు ఒలిచినట్టు విప్పి చెప్పిన అబ్బాయే, బహమనీలు కాకతీయులకంటే ముందా వెనకా అంటే తడబడ్డాడు. ఆధారం లోతుగా చూసేవాళ్ళకి వరస జారిపోతుంది, వరస అప్పజెప్పేవాళ్ళకి ఆధారం తెలియదు. డిసెంబరులో ప్రతి క్లాసు మొదట్లో అయిదు నిమిషాలు వరస మీదే పెట్టాను: 1323లో ఓరుగల్లు పతనం, 1347లో బహమనీ రాజ్యం, 1518లో గోల్కొండ, 1687లో మొఘలులు, 1724లో ఆసఫ్‌జాహీలు. బోర్డు పైభాగంలో గీత గీసి సెమిస్టర్ అయ్యేదాకా చెరపనివ్వలేదు.

అరుదుగా వచ్చేవాళ్ళకి ఈ పద్ధతి వల్ల పెద్దగా ఏమీ ఒరగలేదు. నోట్స్ పక్కవాళ్ళ దగ్గర రాసుకోవచ్చు, చర్చ రాసుకోలేరు. వాళ్ళ మడత కాగితాలు ఒకదానికొకటి నకళ్ళు. ఇంగ్లీష్ మీడియం వాళ్ళది ఇంకో ఇబ్బంది. నోటితో తెలుగులో చక్కగా వాదించి, కాగితం మీద ఇంగ్లీషులో మళ్ళీ ఆ వీరనారి వాక్యాలే రాశారు. ఇంటర్నల్ వరకు తెలుగులో రాయొచ్చన్నాను, జవాబులు మారాయి. ఎక్స్‌టర్నల్‌లో అది కుదరదు.

మొదటి ఏడాది, రెండో ఏడాది పేపర్లలో ఇదేమీ చేయలేదు. అక్కడ మామూలుగానే వేగం పెంచి, టీశాట్ పాఠాల లింకులు ఇచ్చి నెట్టుకొచ్చాం. అన్ని పేపర్లలో ఒకేసారి కొత్త పద్ధతి పెడితే తయారీకే రాత్రులు పోతాయి. హ్యాండవుట్ ఒక పేజీనే కానీ ఆ పేజీ రాయడానికి ముందు శాసనం మీద అచ్చయినవి చదవాలి, ఏది ఖాయం, ఏది వాదం అని మనకి ముందు తేలాలి. అది సెలవుల్లో చేసుకోవాల్సిన పని.

మరో కాలేజీలో ఇదే పేపర్ చెప్పే మిత్రుడి అభ్యంతరం ఒకటుంది. నువ్వు తీసేసిన వైపు నుంచే షార్ట్ ప్రశ్నలు వస్తే? వచ్చాయి కూడా. వాటికి చార్టు, హ్యాండవుట్ సరిపోయాయని పిల్లలు చెప్పారు. ఎక్స్‌టర్నల్ పేపర్లు వేరేచోట దిద్దుతారు కాబట్టి నా దగ్గర ఉన్నది వాళ్ళ మాటే. ఆయన మాత్రం ఒప్పుకోలేదు. సిలబస్‌లో ఉన్న ప్రతి అంశం టీచర్ నోట ఒక్కసారైనా వినపడాలన్నది ఆయన పట్టు. క్లాసుకి వచ్చేదే తక్కువైన పిల్లల విషయంలో ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

గుంటూరు వైపు చెప్పే స్నేహితురాలికి చందుపట్ల దూరం. ఆమెకి మల్కాపురం శాసనం సూచించాను: 1261, రుద్రమ కాలంలో విశ్వేశ్వర శివాచార్యులకి మందడం గ్రామం ఇచ్చిన సంగతి, అందులో ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విద్యార్థుల ప్రస్తావన. ఆ ఊళ్ళిప్పుడు అమరావతి రాజధాని ప్రాంతంలో ఉన్నాయి కాబట్టి ధరణి చిక్కు లాంటిది అక్కడ ఇంకో రూపంలో ఎదురవుతుందని కూడా చెప్పాను.

తర్వాతి సరి సెమిస్టర్‌లో లోక్‌సభ ఎన్నికలు పడ్డాయి, మే 13న పోలింగ్. ఈసారి సంక్రాంతి సెలవుల్లోనే రెండు హ్యాండవుట్లు టైప్ చేసి పెట్టుకున్నాను. ఒకటి 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం. రెండోది 1934 గోలకొండ కవుల సంచిక నుంచి కవుల పేర్లు, ఊళ్ళున్న ఒక పేజీ. అందులో 354 మంది ఉన్నారు. మొదటి పని, మన జిల్లా వాళ్ళెవరో వెతకడం.